డీజిలు టాంకుకి తాళం

నందిగామ,
14-7-1999

చిరంజీవి వ్యాసుకి,

దీవెనలు చివర్లో ఉంటాయి, ముందు ఫిర్యాదు విను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నువ్వు అన్నిటికీ 'ఊఁ' అంటావు, తర్వాత అననే లేదంటావు. ముప్ఫై ఏళ్ళుగా నల్లకోటు తొడుక్కుంటున్నవాడిని, నాకు ఏదైనా కాగితం మీద ఉండాలి.

మార్చిలో సెలవు పెట్టుకుని వచ్చి మన డీజిలు అంబాసిడర్‌కి టర్బో బిగించి వెళ్ళావు. వృథాగా పోయే పొగతోనే చిన్న చక్రం తిరుగుతుందనీ, అది ఇంజనులోకి గాలిని కుక్కుతుందనీ, ముసలి బండికి పడుచుదనం వస్తుందనీ చెప్పావు. వచ్చింది, కాదనను. కీసర వంతెన మీద లారీలను దాటుతుంటే మీ అత్తయ్య కళ్ళు మూసుకునేది.

జూన్ చివర్లో రోగం మొదలైంది. బెజవాడ కోర్టుకి బయల్దేరి కంచికచర్ల దాటి నాలుగు మైళ్ళు వెళ్ళేసరికి బండి లాగడం మానేస్తుంది. ఎంత తొక్కినా మూలుగుతుందే గాని కదలదు, చివరికి ఆగిపోతుంది. పావుగంట నీడన పెడితే ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది. ఇలా మూడుసార్లయింది. రెండు వాయిదాలకు నేను చేరేసరికి జడ్జిగారు లేచిపోయారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆగిన మూడు రోజులూ స్తెఫను బంకుకెళ్ళి టాంకు నిండా పోయించుకొచ్చిన రోజులే. టాంకు సగానికి దిగాక బండికి ఏ జబ్బూ లేదు. పదకొండేళ్ళుగా మన కారు తోలుతున్నాడు, నీకు స్టీరింగు పట్టడం నేర్పింది వాడే, అదంతా నాకు గుర్తుంది. కానీ మార్చి నుంచి డీజిలు ఖర్చు పెరిగింది. బండి కొంత తాగితే వాడు కొంత తాగుతున్నాడని నా అనుమానం. కాజేసినంత మేర కిరసనాయిలు పోసి నింపుతున్నాడేమో.

నాకు ఒకటే ప్రశ్న. కిరసనాయిలు కలిస్తే బండి ఇలా ఆగుతుందా? రాతపూర్వకంగా జవాబివ్వు.

ఆశీస్సులతో,
మామయ్య రామబ్రహ్మం


జగ్గయ్యపేట,
19-7-1999

మామయ్యకి,

నమస్కారాలు. ఉత్తరం అందేసరికి మా సిమెంటు ఫ్యాక్టరీ షెడ్డులో ఒక డంపరు లారీ కింద పడుకుని ఉన్నాను. ఆ గ్రీజు వేలిముద్రలే ఈ కాగితం మీద పడ్డాయి, మన్నించాలి.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి ఇంజనుకి డీజిలు సరిపడా అందడం లేదు. గాలి ఎక్కువ వెళ్తున్నప్పుడు డీజిలు కూడా ఎక్కువ కావాలి. అది టాంకులోంచి పంపు దాకా వచ్చే దారిలో ఎక్కడో అడ్డం పడుతోంది. ఫిల్టరు మూసుకుపోయినా, గొట్టానికి చిల్లు పడి గాలి పీల్చినా, పంపు పొర చిరిగినా ఇంతే. కిరసనాయిలు కలిసినా బండి లాగకపోవచ్చు.

నాకు ఇవి తెలియాలి. ఆగేముందు పొగ నల్లగా వస్తోందా, అసలు రావడం లేదా? సరిగ్గా ఎన్ని మైళ్ళకు ఆగుతోంది? మార్చి తర్వాత బండిలో ఏదైనా మార్చారా? సీసాడు డీజిలు తీయించి పంపితే మా ల్యాబులో చూపిస్తాను.

స్తెఫనుతో తొందరపడి ఏమీ అనకండి. అత్తయ్యని అడిగానని చెప్పండి.

వ్యాస్


నందిగామ,
2-8-1999

చి. వ్యాసుకి,

నీ ప్రశ్నలకు వరుసగా జవాబులు. పొగ నల్లగా లేదు, తగ్గిపోయి ఆగుతుంది. ఇంటి దగ్గర నుంచి పదహారు, పదిహేడు మైళ్ళు. మార్చి తర్వాత నేను మార్చినది ఏమీ లేదు. మెకానిక్ వెంకటరత్నం ఫిల్టరు విప్పి, ఊది, శుభ్రంగానే ఉందన్నాడు. డీజిలు సీసా మా గుమాస్తా కృపారావుతో పంపుతున్నాను. లక్క వేసి సీలు చేశాను, చీటీ అంటించాను. నవ్వకు.

స్తెఫనుని తీసేశాను.

మొన్న బుధవారం నేనే వాడిని వెంటబెట్టుకుని బంకుకి వెళ్ళాను. అక్కడ అరడజను లారీలున్నాయి, డ్రైవర్లు టీ తాగుతున్నారు. బంకు గుమాస్తాని అడిగాను, వీడు నిజంగా టాంకు నిండా పోయించుకుంటున్నాడా అని. "రోజూ వందమంది వస్తారండీ, మాకేం గుర్తుంటుందండీ" అన్నాడు. అప్పుడు నీ ఉత్తరం తీసి కిరసనాయిలు వాక్యం అందరూ వినేలా చదివాను. ఇంజనీరు రాసిన మాట ఇది, ఇక నువ్వేం చెబుతావని నిలదీశాను. వాడు నేల చూస్తూ నిలబడ్డాడు. నా గొంతు కాస్త పెద్దదైన మాట నిజమే. దొంగ అన్న మాట కూడా అన్నాను. వాడు బండి తాళంచెవులు బానెట్ మీద పెట్టి నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మౌనం అర్ధాంగీకారమని ఊరికే అనలేదు.

ఇప్పుడు ప్రేమదాసు అనే కొత్తవాడు తోలుతున్నాడు. డీజిలు నా ఎదురుగానే, పదేసి లీటర్లు మాత్రం పోయిస్తున్నాను. అప్పటినుంచి బెజవాడ మూడుసార్లు వెళ్ళి వచ్చాను. ఒక్కసారి కూడా ఆగలేదు. ఇంతకంటే రుజువు ఏం కావాలి?

మీ అత్తయ్య నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం పెడుతోంది.

మామయ్య


జగ్గయ్యపేట,
12-8-1999

మామయ్యకి,

మీ సీసా సీలు విప్పి ల్యాబులో ఇచ్చాను. రెండుసార్లు చూశారు. అందులో ఉన్నది డీజిలు. కిరసనాయిలు చుక్క కూడా లేదు.

నేను రాసిన దాంట్లో కారణాలు నాలుగున్నాయి. మీరు మూడింటిని జేబులో ఉంచుకుని నాలుగోదాన్ని బంకులో చదివారు. కోపం వస్తోంది మామయ్యా, రాయకుండా ఉండలేను. నా మీద కూడా వస్తోంది. కల్తీ అయితే సగం టాంకులోనూ అదే కల్తీ ఉంటుంది. పైసగం విషం, అడుగుసగం అమృతం కాదు కదా. ఈ సంగతి మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు తట్టాలి, తట్టలేదు. మా ఫ్యాక్టరీలో అందరూ డ్రైవర్లనే అనుమానిస్తారు, నాకూ ఆ గాలి సోకిందేమో.

ఇప్పుడు వెంకటరత్నం చేత రెండు పనులు చేయించండి. ఒకటి, పంపుకి ముందు రబ్బరు గొట్టం ఒక జానెడు తీసి, దాని స్థానంలో సెలైన్ ఎక్కించే గొట్టం లాంటి తెల్లటి గొట్టం పెట్టమనండి. లోపల ఏం జరుగుతోందో కంటికి కనబడుతుంది. టాంకు నిండా పోయించి మామూలుగా బయల్దేరండి. రెండు, బండి ఆగాక, ఒక డబ్బాలో డీజిలు పోసి బానెట్ పక్కన కట్టి, టాంకుతో సంబంధం లేకుండా నేరుగా పంపుకి కలిపి నడపమనండి.

ఏం కనబడితే అది రాయండి. మీకు ఏమనిపించిందో వద్దు.

వ్యాస్


నందిగామ,
27-8-1999

చి. వ్యాసుకి,

నాకేమనిపించిందో వద్దన్నావు. సరే, సాక్షి చెప్పినట్టు చెబుతాను.

నిన్న ఉదయం ఎనిమిదింటికి టాంకు నిండా పోయించాను. పోయించింది నేను, తోలింది ప్రేమదాసు, పక్కన వెంకటరత్నం. కంచికచర్ల దాటాక సరిగ్గా పాత చోటే బండి లాగడం మానేసింది. బానెట్ ఎత్తి చూశాం. సెలైన్ గొట్టంలో బుడగలు లేవు. కానీ గొట్టం రెండు వైపులా లోపలికి పీక్కుపోయింది, పాలు తాగే పిల్లాడి బుగ్గల్లాగా. అందులో డీజిలు కదలడం లేదు. "పంపు లాగుతోందండీ, టాంకే వదలట్లేదు" అన్నాడు వెంకటరత్నం.

తర్వాత డబ్బా కట్టాడు. ఆ డబ్బాతో బెజవాడ దాకా గుర్రంలా పరిగెత్తింది.

స్తెఫను ఆ చుట్టుపక్కల ఎక్కడా లేడు. ముద్దాయి లేకుండానే నేరం మళ్ళీ జరిగింది. ముప్ఫై ఏళ్ళ ప్రాక్టీసులో నాకు ఇలాంటి కేసు తగల్లేదు.

టాంకులో ఏముందో చెప్పు. విప్పించి కడిగించమంటావా?

మామయ్య


(అదే కవరులో, వేరే కాగితం మీద)

నాయనా వ్యాసూ,

మీ మామయ్య కవరు అంటించమని నాకిచ్చి కోర్టుకి వెళ్ళారు. ఆయన రాయనిది నేను రాస్తున్నాను. ఇది చదివాక ఏం చేస్తావో నీ ఇష్టం.

మార్చి తర్వాత ఏమీ మార్చలేదని నీకు రాశారట. అది అబద్ధం. డీజిలు ఎక్కువవుతోందని జూన్‌లో బెజవాడ నుంచి తాళం ఉన్న మూత కొనుక్కొచ్చి టాంకుకి పెట్టారు. పాత మూత అటక మీద ఉంది. తాళంచెవులు రెండూ ఆయన దగ్గరే. స్తెఫను బంకుకి వెళ్ళేటప్పుడు ఇస్తారు, రాగానే లాక్కుంటారు. పదకొండేళ్ళు మన ఇంట్లో మనిషిలా తిరిగినవాడి నుంచి.

ఇంకొకటి. బండి ఆగిన ప్రతిసారీ స్తెఫను, "అయ్యగారూ, ఒక్కసారి మూత తియ్యండి" అని అడిగేవాడట. ఈయన ఇవ్వలేదు. ఇంటికొచ్చి నాతో, దొంగ చేతికి తాళం ఇమ్మంటున్నాడు చూశావా అని నవ్వారు. అది గొప్పగా చెప్పుకున్నారు నాయనా.

నాకు బండి సంగతి తెలియదు. మనిషి సంగతి తెలుసు.

అత్తయ్య అమ్మణ్ణి


జగ్గయ్యపేట,
1-9-1999

మామయ్యకి,

టాంకు విప్పక్కర్లేదు. రోగం టాంకులో లేదు, దాని మూతలో ఉంది. తాళం మూత సంగతి నాకు తెలిసింది. ఎవరు చెప్పారని అడగకండి.

అత్తయ్య నూనె డబ్బాకి రెండు చిల్లులు ఎందుకు పెడుతుందో మీకు తెలుసు. ఒకదాంట్లోంచి నూనె వస్తుంటే రెండోదాంట్లోంచి గాలి పోవాలి. పోకపోతే నూనె రాదు. కారు టాంకూ అంతే. పాత మూతకి సన్నటి చిల్లు ఉంది, కంటికి ఆనదు. మీరు తెచ్చిన తాళం మూతకి చిల్లు లేదు. టాంకు నిండా ఉన్నప్పుడు పైన గాలి జానెడు కూడా ఉండదు, రెండు లీటర్లు ఖర్చయ్యేసరికే లోపల గాలి పలచబడి డీజిలుని పట్టి ఉంచుతుంది. సగం టాంకులో ఆ గాలి బోలెడు, అందుకే ఆగదు. బండి పక్కన పెట్టినప్పుడు ఏదో సందులోంచి కాస్త గాలి దూరి మళ్ళీ నడుస్తుంది.

ఇక్కడితో ఆపితే నేరమంతా మీది అవుతుంది. కాదు. అన్ని బళ్ళకీ గాలి కోసం టాంకు పక్కన వేరే చిన్న గొట్టం కూడా ఉంటుంది. అది ఉంటే మీ మూత ఏమీ చేసేది కాదు. మన బండికి ఆ గొట్టం పగిలి డీజిలు చిందుతుంటే, మార్చిలో నేనే దాన్ని మడిచి తీగతో కట్టేశాను. పాత మూత చిల్లు చాల్లే, మళ్ళీ వచ్చినప్పుడు మార్చొచ్చులే అనుకున్నాను. మరిచిపోయాను.

అంతకంటే పెద్దది ఇంకొకటుంది. టర్బో పెట్టినప్పుడు పంపు మరను కాస్త విప్పి డీజిలు ఎక్కువ పోయేలా చేశాను. అలా చేయకపోతే ఆ వేగం రాదు. లీటరుకి మూడు, నాలుగు కిలోమీటర్లు తగ్గుతాయని నాకు ముందే తెలుసు. చెబితే మీరు టర్బో వద్దంటారని చెప్పలేదు. మార్చి నుంచి ఎక్కువ తాగింది బండే. స్తెఫను తాగలేదు.

నేను ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే మీరు తాళం కొనేవారు కాదు. తాళం లేకపోతే బండి ఆగేది కాదు. స్తెఫను నాకు గేరు వేయడం నేర్పేటప్పుడు ఒక్కసారి కూడా విసుక్కోలేదు. నాకు చాలా సిగ్గుగా ఉంది మామయ్యా.

నమ్మకం కుదరకపోతే ఒక పని చేయండి. ఈసారి ఆగగానే మూత తీయండి.

వ్యాస్


నందిగామ,
20-9-1999

చి. వ్యాసుకి,

మూత తీశాను. ఉస్సుమని గాలి లోపలికి పోయింది. అంత చప్పుడు చేస్తుందనుకోలేదు. ఇంజను తాళం తిప్పితే బండి వెంటనే అందుకుంది. అక్కడే రోడ్డు పక్కన కాసేపు కూర్చున్నాను. ప్రేమదాసు నాకు ఎండదెబ్బ తగిలిందనుకుని సోడా తెచ్చాడు.

నీ తప్పు నువ్వు ఒప్పుకున్నావు. నీది మరుపు, కాస్త గడుసుతనం. నాది వేరే జాతి తప్పు. సాక్ష్యం ముందు దొరికి ముద్దాయి తర్వాత దొరకాలి. నేను ముద్దాయిని ముందు కూర్చోబెట్టి సాక్ష్యాలు ఏరుకున్నాను. ఈ పని ఎదుటి వకీలు చేస్తే చీల్చి చెండాడేవాడిని.

స్తెఫను వీరులపాడులో ఉన్నాడని తెలిసి పదకొండో తేదీ శనివారం వెళ్ళాను. ఒక ప్రైవేటు స్కూలు వ్యాను తోలుతున్నాడు. నన్ను చూసి కుర్చీ వేశాడు, తను నిలబడే ఉన్నాడు. నీ ఉత్తరంలోని సంగతంతా చెప్పాను. ఆశ్చర్యపోతాడనుకున్నాను.

"నాకు తెలుసండయ్యా" అన్నాడు. "గాలి ఆడట్లేదని మొదటిరోజే అనుకున్నా. మూత తియ్యమని అడిగా గదండీ."

"ఎందుకు తియ్యమన్నావో చెప్పకపోయావా?" అన్నాను.

"చెబుదామనే నోరు తెరిచానండి. ఈలోగా మీరు తాళంచెవి చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నారు. ఇంకేం చెప్తానండి."

ఆ గుండీ పెట్టుకున్న సంగతి నాకు గుర్తే లేదు వ్యాసూ. కానీ అతను అబద్ధం చెప్పడు.

తిరిగి పనిలోకి రమ్మన్నాను. రానన్నాడు, కోపంగా కాదు, మర్యాదగానే. జీతం పెంచుతానన్నాను. అది అనకుండా ఉండాల్సింది. "ఒకటే అడుగుతానండి" అన్నాడు. "ఆ రోజు ఎక్కడన్నారో, అక్కడే నిలబడి, స్తెఫను దొంగ కాదని చెప్పండి. మా ఆవిడ పుట్టిల్లు నందిగామే గదండీ. ఆ రోజు నుంచి పుట్టింటికి వెళ్ళాలంటే బంకు ముందు నుంచి నడవట్లేదండి. చుట్టూ తిరిగి పొలాల గట్ల మీదుగా వెళ్తోంది. వానాకాలం, బురదండి."

సరేనని వచ్చాను. వచ్చి వారమైంది, ఇంకా వెళ్ళలేదు. రోజూ కోర్టుకి ఆ బంకు మీదుగానే పోతున్నాను. ఏదో ఒక పని అడ్డం వస్తోంది. నిజం చెప్పాలంటే ఏ పనీ అడ్డం రావడం లేదు.

మామయ్య


జగ్గయ్యపేట,
25-9-1999

మామయ్యకి,

ఆ రోజు చదివింది నా ఉత్తరం. కాబట్టి నేను కూడా వచ్చి మీ పక్కన నిలబడతాను. ఆదివారం పొద్దున్న మొదటి బస్సుకి రానా? నాకు కూడా బెరుకుగానే ఉంది. ఇద్దరం కలిస్తే ఒక ధైర్యం అవుతుందేమో.

నేను కట్టేసిన గాలి గొట్టం సంగతి వెంకటరత్నానికి ఫోన్ చేసి చెప్పాను, మారుస్తాడు.

వ్యాస్


నందిగామ,
4-10-1999

చి. వ్యాసుకి,

నువ్వు రానక్కర్లేకుండా వెళ్ళి వచ్చాను. నీ ఉత్తరం చూశాక ఇంకా ఆగితే నీ ముందు తల ఎత్తుకోలేననిపించింది.

గురువారం ఉదయం పదింటికి నల్లకోటుతోనే వెళ్ళాను. లారీలు నాలుగు, మనుషులు పది మంది దాకా ఉన్నారు. బంకు గుమాస్తా అతనే. నేను మధ్యలో నిలబడి, రెండు నెలల క్రితం ఇక్కడ నా డ్రైవరు స్తెఫనుని దొంగ అన్నాననీ, అతను దొంగ కాదనీ, తప్పు నాదేననీ, నా కారుకి తాళం పెట్టింది నేనేననీ, కారు ఆగింది ఆ తాళం వల్లననీ చెప్పాను. గొంతు ఆ రోజున్నంత పెద్దదిగానే ఉంచాను.

చెప్పడం అయ్యాక అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బంకు గుమాస్తా గొట్టం చేత్తో పట్టుకునే, "ఎవరండీ స్తెఫను?" అన్నాడు.

గుర్తు చేశాను. బుధవారమనీ, నల్ల అంబాసిడర్ అనీ, ఉత్తరం చదివాననీ. "ఇక్కడ రోజుకో గొడవ సారూ, ఎవరికి గుర్తుంటుందండీ" అన్నాడు. లారీ డ్రైవర్లలో ఒకడు నవ్వి, "పెద్దాయన మనసు మంచిది" అన్నాడు. అంతే. తర్వాత నన్ను పక్కకి జరగమన్నారు, వెనక బండి వచ్చిందట.

ఒక మనిషి ఊరు వదిలిపోయాడు, అతని భార్య బురదలో చుట్టూ తిరుగుతోంది. ఎవరి కళ్ళకి వెరచి ఆ పని చేశారో వాళ్ళకి ఆ సంగతి మర్నాటికే గుర్తు లేదు. కోర్టులో ఎన్ని ఖూనీ కేసులు వాదించానో, ఇంత బాధ ఎప్పుడూ పడలేదు.

ఆ మధ్యాహ్నమే స్తెఫనుకి ఉత్తరం రాశాను. మీరు అడిగిన చోటే, పది మంది ముందు, అడిగిన మాటే చెప్పానని రాశాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. బంకు గుమాస్తా అడిగిన ప్రశ్న మాత్రం రాయలేదు. అది ఎప్పటికీ అతనికి తెలియకూడదు. నువ్వు కూడా ఎక్కడా అనకు.

నిన్న ఆదివారం మీ అత్తయ్య మందుల షాపు నుంచి వస్తూ స్తెఫను భార్యని చూసిందట. కొత్త చీర కట్టుకుని, సంచి చేత్తో పట్టుకుని, బంకు ముందు నుంచే నెమ్మదిగా నడుచుకుంటూ పుట్టింటికి వెళ్తోందట.

మామయ్య